ఊరుమ్మడి తాతయ్య

మా తాతయ్య పుట్టినరోజు మీద మూడు వాదనలున్నాయి. పోర్టు సర్వీసు రిజిస్టరు ప్రకారం 1931 జూలై 1. అది బళ్ళో వేసినరోజు మాస్టారు తోచినట్టు రాసుకున్న తేదీ. ఆ తరంలో విశాఖపట్నం వన్‌టౌన్‌లో పుట్టిన మగపిల్లల్లో సగంమంది జూలై ఒకటినే పుట్టారు. మిగతా సగం బడికెళ్ళలేదు. రెండోది వాళ్ళమ్మ లెక్క: "రేవు తవ్వుతున్నారు, మామిడికాయలు ముదురుతున్నాయి, అప్పుడు పుట్టాడు." మూడోది తాతయ్య సొంత వాదన. 1933 అక్టోబరు 7న మొదటి ఓడ 'జలదుర్గ' రేవులోకి వస్తుంటే వాళ్ళమ్మ చంకనెక్కి చూశానని, చెయ్యి కూడా ఊపానని, ఓడ మీంచి ఎవరో తిరిగి చెయ్యి ఊపారని. దీన్నిబట్టి పుట్టిన తేదీ ఎలా తేలుతుందో ఆయనెప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ముక్కూ మొహం తెలీనివాళ్ళకి చెయ్యి ఊపి పలకరించడం తొంభై రెండేళ్ళు వచ్చేదాకా మానని మనిషి, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టే ఉండాలి కదా.

ఊళ్ళో ఆయన్ని సంఘసేవకుడనేవారు. శాలువాలు కప్పారు. ఆ శాలువాలు చలికాలంలో వాచ్‌మన్లకీ, రిక్షావాళ్ళకీ చేరిపోయేవి కాబట్టి మా బీరువాలో ఒక్కటీ మిగల్లేదు. కానీ దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి నా అభిప్రాయం కాస్త వేరు. అది సేవ కాదు, ఆకలి. కొందరికి పొద్దున్నే కాఫీ పడకపోతే తల పగిలిపోతుంది. మా తాతయ్యకి ఎనిమిదింటికల్లా పదిమందితో మాట పడకపోతే అలా అయ్యేది. మనుషులు కావాలి ఆయనకి. ఊరికే వెళ్ళి ఎవరింట్లోనైనా కూర్చుంటే "ఏం పని మీదొచ్చారు?" అంటారు కాబట్టి చేతిలో ఏదో ఒక పని పెట్టుకుని వెళ్ళేవాడు. ఆ పని ఆ ఇంటివాళ్ళదే అయితే మరీ మంచిది, కాఫీ కూడా ఇస్తారు. ఈ క్రమంలో ఊరికి చాలా మేలు జరిగిపోయింది.

పోర్టులో ఆయన టాలీ క్లర్కు. ఓడ దగ్గర నిలబడి, క్రేను దించిన ఒక్కో స్లింగులో ఎన్ని బస్తాలున్నాయో కాగితం మీద గీతలు గీయాలి. నాలుగు నిలువు, అయిదోది అడ్డం. ఓడ తరఫున ఇంకో క్లర్కు కూడా పక్కనే నిలబడి అదే లెక్క రాస్తాడు. షిఫ్టు అయ్యాక రెండు లెక్కలూ సరిపోవాలి. తాతయ్య లెక్క ఒక్కనాడూ తప్పలేదు. తప్పిందల్లా అవతలివాడి లెక్కే. ఎందుకంటే తాతయ్య నోటితో వాడి పెద్దమ్మాయి సంబంధం సంగతి వాకబు చేస్తూ చేత్తో గీతలు గీయగలడు, అవతలివాడికి ఆ విద్య లేదు. చివరికి ఇద్దరూ కూర్చుని తాతయ్య కాగితమే చూసి రాసుకునేవారట. అమ్మాయి పెళ్ళి కూడా కుదిరిందట.

ఈ గుణం చిన్నప్పటిదే. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులేశాయి. ఊరు ఊరంతా ఖాళీ అయింది. మా ముత్తాత గిన్నెలూ చెంబులూ బండికెత్తించి, పెళ్ళాం పిల్లలతో శృంగవరపుకోట వైపు ఏదో దూరపు చుట్టరికం ఉన్న పల్లెకి బయల్దేరాడు. పదకొండేళ్ళ తాతయ్యకి అంతకంటే పండగ లేదు. దారి పొడుగునా జనం. అందరికీ ఒకటే దిగులు. అంటే ఎవరితోనైనా మాట కలపొచ్చు, 'నువ్వెవరబ్బాయివిరా' అని కసిరేవాళ్ళు లేరు. రాత్రి చెట్టు కింద బళ్ళు విప్పితే పిల్లాడు కనబడలేదు. వాళ్ళమ్మ గుండెలు బాదుకుంటూ బండి బండీ వెతికితే, నాలుగు బళ్ళ అవతల ఎవరో తెలీని కుటుంబంలో పంక్తిలో కూర్చుని ఉలవచారు పోసుకుని అన్నం తింటున్నాడు. "అందరూ ప్రాణాలు దక్కించుకుని వెనక్కొస్తే, వీడు చుట్టరికాలు కలుపుకొచ్చాడు" అనేదట ఆవిడ. తర్వాత ఓ పది పదకొండేళ్ళకి ఆ ఉలవచారు ఇంట్లోంచే మా నానమ్మ కోడలుగా వచ్చింది. ఇప్పటికీ తాతయ్య మాటొస్తే నానమ్మ, "అంతా ఆ జపానువాడు చేసిన పని" అంటుంది.

నానమ్మకి ఆయన మీద ఉన్న మొదటి ఫిర్యాదు కూరలు. పూర్ణా మార్కెట్ మా ఇంటికి పది నిమిషాల నడక. తాతయ్యకి రానూపోనూ నాలుగు గంటలు. ఒకసారి వంకాయలకని ఏడింటికి వెళ్ళి పదకొండు దాటాక ఉత్తి చేతులతో వచ్చాడు. వెనకాలే ఓ ఆడమనిషి. "వంకాయలేవండీ?" అంది నానమ్మ. "కొన్నాను. ఈవిడ దగ్గరే. బుట్టలో ఉన్నాయి. బుట్ట మార్కెట్లో ఉంది." ఆవిడ కొడుకుని హైస్కూల్లో చేర్చుకోనన్నారట, దరఖాస్తు రాయాలి, రాయడానికి తెల్లకాగితం ఇంట్లో ఉంది. ఆవిడ గుమ్మంలో నిలబడి, "బాబుగోరు రమ్మన్నారని వొచ్చినానమ్మా, నాకేటి తెలుస్తాది" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దరఖాస్తు రాయడం అయ్యాక అందరూ కలిసి భోంచేశారు. పప్పూ చారే. కూర లేదు. ఆవిడే మొహమాటపడి, "వంకాయలట్టుకు రావలసిందమ్మా" అందట. ఆ కుర్రాడు తర్వాత బాగానే చదువుకున్నాడు. ఆ సంగతి నానమ్మ ఒప్పుకుంటుంది. వంకాయల సంగతి మటుకు మర్చిపోదు.

1989లో రిటైరయ్యాడు. ఇకనైనా ఇంటిపట్టున ఉంటాడని నానమ్మ ఆశపడింది. రిటైరైన మర్నాడు ఆయన ఒక సంచీ కుట్టించుకున్నాడు.

ఆ సంచీ గురించి చెప్పాలి. ముతక ఖాకీ గుడ్డ, భుజానికి తగిలించుకునేది. అందులో వంకాయరంగు సిరా స్టాంపు ప్యాడు. మూత నిండా ఎవరెవరివో వేలిముద్రలు. ఓ పాత పంచాంగం, దాని పేజీల మధ్య అంటుకోకుండా దాచిన రెవెన్యూ స్టాంపులు. జిగురు సీసా, దాని మూత ఏనాడో పోతే బిరడాగా దూది. తెల్లకాగితాలు, కార్బన్ పేపరు, నాలుగు రంగుల పెన్ను. ఓ అగ్గిపెట్టె నిండా పాస్‌పోర్టు ఫోటోలు. అన్నీ పరాయివాళ్ళవే. మా నాన్న ఒకసారి రేషన్ కార్డుకి తన ఫోటో ఉందేమో చూడమంటే, తాతయ్య అగ్గిపెట్టె బోర్లించి ఇరవై మొహాలు చాప మీద పేర్చాడు. "నీది లేదురా. వీళ్ళలో ఎవరైనా పనికొస్తారేమో చూడు" అన్నాడు.

సంచీ అడుగున ఓ ప్లాస్టిక్ డబ్బాలో తడిగుడ్డ ముక్క ఉండేది. వేలిముద్ర వేసినవాళ్ళ వేలు వెంటనే తుడవడానికి. ఎందుకు తాతయ్యా, వాళ్ళే ఇంటికెళ్ళి కడుక్కుంటారుగా అని అడిగాను. "వేలికి రంగుంటే దార్లో అందరికీ తెలిసిపోతుందిరా, సంతకం రాదని" అన్నాడు. ఆకలి అన్నాను గానీ, ఈ గుడ్డముక్క దగ్గరికి వచ్చేసరికి నా సిద్ధాంతం కాస్త తడబడుతుంది. ఆ గుడ్డ ప్రతి ఆదివారం ఉతికి ఆరేసింది నానమ్మ. ఆ సంగతి ఏ సన్మాన పత్రంలోనూ లేదు.

నవంబరు వచ్చిందంటే సంచీకి చేతినిండా పని. పెన్షను తీసుకునేవాళ్ళు తాము బతికే ఉన్నామని ఏటా నవంబరులో కాగితం ఇవ్వాలి కదా. మా పేటలో పోర్టు కళాసీల భార్యలు, రైల్వే గ్యాంగుమన్లు, రిటైరైన నర్సమ్మలు, అందరి జాబితా తాతయ్య డైరీలో ఉండేది. ఆటోకి ముగ్గురు చొప్పున బ్యాంకుకి తీసుకెళ్ళి, వరసలో కూర్చోబెట్టి, ఒక్కొక్కళ్ళనీ బతికించి ఇంటి దగ్గర దింపేవాడు. వేలిముద్ర మిషన్లు వచ్చాక తంటా వచ్చింది. నలభై ఏళ్ళు బస్తాలు మోసిన కళాసీల వేళ్ళ మీద గీతలెక్కడుంటాయి? మిషను ఎర్రదీపం వేసి, ఈ మనిషి లేడు పొమ్మనేది. తాతయ్య వాళ్ళ వేలు తడిపి, లుంగీకి తుడిచి, మళ్ళీ పెట్టించి, "ఊపిరి బిగబట్టు" అనేవాడు. ఊపిరికీ మిషనుకీ ఏ సంబంధమూ లేదు. కానీ బిగబట్టినవాళ్ళకి పనైపోయేది.

ఇలా పేటంతటినీ బతికించిన ఓ ఏడాది, ఆయన పెన్షను ఆగిపోయింది. బ్యాంకుకెళ్ళాడు, నేనూ తోడు వెళ్ళాను. కౌంటర్లో కొత్తగా వచ్చిన అమ్మాయి కంప్యూటర్లో చూసి, "తాతగారూ, మీరు ఉన్నట్టు మా దగ్గర కాగితం లేదండి" అంది.

"నేనే ఉన్నాను కదమ్మా."

"మీరు ఉన్నారండి. కాగితం లేదు."

తాతయ్యకి అర్థమైంది. జాబితాలో అందరి పేర్లూ రాశాడు, తన పేరు రాసుకోలేదు. వెనక్కి తిరిగి క్యూ వైపు చూశాడు. "నేను బతికున్నానని ఎవరైనా చెప్తారా?" అన్నాడు. ఎవరైనా ఏమిటి, హాలు హాలంతా లేచింది. ఒకావిడ కర్ర పట్టుకుని ముందుకొచ్చి, "ఆ బాబు సచ్చిపోతే మమ్మల్నెవులు తీసుకొచ్చినారమ్మా?" అని ఆ పిల్లని నిలదీసింది. తర్కం గట్టిదే. లోపల్నుంచి మేనేజరు వచ్చి తాతయ్యని కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించి, కొత్త ఫారం ఇచ్చాడు. తాతయ్య సంచీ తెరిచాడు. ప్యాడు ఉంది, జిగురు ఉంది, స్టాంపులున్నాయి. అగ్గిపెట్టెలో ఊరందరి ఫోటోలూ ఉన్నాయి. ఆయన ఫోటో లేదు.

భక్తి విషయంలోనూ ఇంతే. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి మీద పైకప్పు ఉండదు. ఆరుబయటే కొలువు. ఎవరైనా తిన్నగా వెళ్ళి స్వయంగా పసుపూ కుంకుమా పెట్టుకోవచ్చు. మార్గశిర లక్ష్మివారాలకి బుధవారం రాత్రి నుంచే క్యూలు కట్టేస్తారు. తాతయ్య అక్కడ వాలంటీరు. చొక్కాకి బ్యాడ్జీ, మెళ్ళో ఈల. క్యూ కదిలించడానికి పెట్టిన మనిషి ఎక్కడ నిలబడితే అక్కడ క్యూ ఆగిపోతోందని రెండో వారానికి తోటి వాలంటీర్లు కనిపెట్టారు. "ఎక్కణ్ణించమ్మా? అనకాపల్లా? అనకాపల్లిలో ఎక్కడ?" అని మొదలెడితే అనకాపల్లి మొత్తం తిరిగొచ్చేదాకా వదలడు. అందుకని ఆయన్ని బయటికొచ్చే దారిలోకి మార్చారు. దర్శనం అయిపోయినవాళ్ళతో ఎంతసేపు మాట్లాడితే మాత్రం ఎవరికి నష్టం? తనకి ప్రమోషన్ ఇచ్చారని తాతయ్య ఇంటికొచ్చి చెప్పాడు.

రేవు పక్కన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. తాతయ్య మూడూ ఎక్కేవాడు. ఏకాదశికి ఒకటి, ఉర్సుకి ఒకటి, డిసెంబరు 8న రాస్ హిల్ పండక్కి ఒకటి. మతసామరస్యం అని పత్రికలవాళ్ళెవరో రాశారు కూడా. నానమ్మ ఆ ముక్క చదివించుకుని, "భక్తైతే ఒక కొండ చాలదా? ఈయనకి మూడు కొండల జనమూ కావాలి" అంది. నా సిద్ధాంతానికి మూలం నానమ్మేనని ఇక్కడ ఒప్పుకోవాలి.

సింహాచలం గిరిప్రదక్షిణకి ఒక ఏడాది నన్ను తీసుకెళ్ళాడు. ముప్ఫై రెండు కిలోమీటర్లు. ఆషాఢ పున్నమికి తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మధ్యాహ్నం బయల్దేరినవాళ్ళు అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం చుట్టుకుని తెల్లారకుండా కొండ దగ్గరికి చేరిపోతారు. మేం తెల్లారేసరికి ఎంవీపీ కాలనీలో ఉన్నాం. దారంతా పులిహోర పందిళ్ళు, మజ్జిగ పందిళ్ళు, అరటిపళ్ళు, కాళ్ళకి రాసుకోమని నొప్పుల మందులు. తాతయ్య తినడానికి ఆగేవాడు కాదు, తనిఖీకి ఆగేవాడు. "పులిహోరలో ఇంగువ తక్కువైంది" అనేవాడు, "నువ్విటు రా బాబూ, గరిటె నాకియ్యి" అనేవాడు, అరగంట వడ్డించేవాడు. అప్పన్న చుట్టూ తిరుగుతున్నామా, పందిళ్ళ చుట్టూనా అని నాకు ఏడుపొచ్చింది. కాళ్ళు పీకి కూలబడితే నన్ను ఆటో ఎక్కించి ఇంటికి పంపాడు, ఎవరో ముగ్గురితో. "వీళ్ళు మనవాళ్ళేరా, భయపడకు" అన్నాడు. దారిలో కనుక్కుంటే, ఆ మనవాళ్ళు ఆయనకి హనుమంతవాక దగ్గర పరిచయమయ్యారు. వాళ్ళు ఆ తర్వాత మా అక్క పెళ్ళికి కూడా వచ్చారు, వెండి కుందులు చదివించారు.

అన్నీ నవ్వుతూ చెప్పే తాతయ్య ఒక్క విషయం మాత్రం చెప్పేవాడు కాదు. 1966. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని ఊరు హోరెత్తిన ఏడాది. అక్టోబరు 15న అమృతరావుగారు నిరాహారదీక్షకి కూర్చున్నారు. డ్యూటీ దిగగానే తాతయ్య రోజూ శిబిరానికి వెళ్ళేవాడు, అక్కడ జనం ఉంటారు కాబట్టి. తెన్నేటి విశ్వనాథంగారి ఉపన్యాసాలు ఎక్కడ జరిగినా ముందు వరసలో ఉండేవాడు. ఇంతవరకూ ఎన్నిసార్లడిగినా చెప్పేవాడు. నవంబరు 1న ఊళ్ళో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రం మొత్తం మీద 32 మంది పోయారు. ఆ రోజు సంగతి అడిగితే, "రోడ్డంతా చెప్పులేరా" అని లేచి వెళ్ళిపోయేవాడు. అంతే.

1971 జనవరిలో ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేశారు. తాతయ్య మా చిన్నత్తని భుజాన ఎక్కించుకుని ఆ జనంలోకి తీసుకెళ్ళాడు. 1990లో 'గోదావరి' కొలిమి వెలిగేనాటికి చిన్నత్త భుజం మీద ఆవిడ కూతురుంది. ఉక్కు కర్మాగారాలు ఎంత నిదానంగా పెరుగుతాయో కొలవడానికి మా ఇంట్లో చిన్నత్తే కొలబద్ద.

2021లో ప్లాంటుని అమ్ముతామన్న వార్త వచ్చింది. కూర్మన్నపాలెం కూడలిలో రిలే నిరాహారదీక్షలు మొదలయ్యాయి. తొంభయ్యో పడిలో ఉన్న తాతయ్య, తనూ కూర్చుంటానన్నాడు. షుగరు మనిషి, ఒక్కపూట తినకపోతే పడిపోతాడు. డాక్టరు ససేమిరా అన్నాడు. "తినకపోతే కదా పడిపోయేది" అని టిఫిను క్యారేజీ కట్టించుకుని మరీ వెళ్ళాడు. నిరాహారదీక్ష శిబిరంలో వెనక వరసలో కూర్చుని, బ్యానరు చాటున ఇడ్లీ తిని, మాత్ర వేసుకుని, మూతి తుడుచుకుని ముందు వరసలోకి వచ్చి నినాదమిచ్చాడు. గొంతు పీలగా ఉంది. అక్కడి కుర్రాళ్ళు 66 సంగతులు చెప్పమన్నారు. చెప్పాడు. అక్టోబరు దాకా.

హుద్‌హుద్ తుపాను నాటికి ఆయనకి ఎనభై మూడు. 2014 అక్టోబరు 12, ఆదివారం. గాలికి మా వీధి కిటికీ ఒకటి చట్రంతో సహా వెళ్ళిపోయింది. ఎదురింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు మా డాబా మీదికొచ్చింది. మర్నాడు చూస్తే ఊళ్ళో నిలబడ్డ చెట్టు లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, నీళ్ళు లేవు. పాలప్యాకెట్టు కోసం యుద్ధాలు. చెప్పకూడదు గానీ, ఆ తర్వాతి రోజులు తాతయ్య జీవితంలో కెల్లా మంచి రోజులు. టీవీలు లేవు కాబట్టి జనమంతా వీధిలోనే ఉన్నారు! వీధి మధ్య పొయ్యి పెట్టించాడు. ఫ్రిజ్జుల్లో పాడైపోతున్న కూరలన్నీ తెప్పించి ఒకే గుండిగలో వండించాడు. అందులో ఏమేం పడ్డాయో ఎవరికీ తెలీదు, రుచి మాత్రం ఇప్పటికీ తల్చుకుంటారు. నీళ్ళ ట్యాంకరు వచ్చిందంటే మార్గశిరపు ఈల బయటికి తీసేవాడు. ఏళ్ళ తరబడి మాటల్లేని ఇద్దరు పక్కింటివాళ్ళ చేత ఒకే పడిపోయిన వేపచెట్టుని చెరో పక్కా పట్టించి రంపం కోయించాడు. చివరికి ఓ సాయంత్రం కరెంటు వచ్చింది. వీధంతా "హో" అని అరిచింది. ఒక్క నిమిషంలో అందరూ లోపలికెళ్ళి తలుపులేసుకుని టీవీలు పెట్టేసుకున్నారు. తాతయ్య అరుగు మీద కూర్చుని అటూ ఇటూ చూసి, "ఇంకో రెండ్రోజులు ఆగాల్సింది" అన్నాడు.

కరోనా లాక్‌డౌన్ గురించి రాయను. మాస్కు గడ్డానికి తగిలించుకుని, బాల్కనీలోంచి రోడ్డు మీద డ్యూటీ కానిస్టేబులుకి సంబంధాలు చెప్పేవాడు అంటే చాలు.

ఆయనకి బాగా పేరు తెచ్చిన విద్య ఇంకొకటుంది, చావు పనులు. పేటలో ఎవరింట్లో ఎవరు పోయినా అర్ధరాత్రైనా సరే ముందు తాతయ్యకే కబురు. ఏడ్చేవాళ్ళని ఏడవనిచ్చి, మిగతాదంతా ఆయన చూసుకునేవాడు. వెదుర్లెక్కడ దొరుకుతాయి, ఐసుపెట్టె ఎవరి దగ్గరుంది, పంతులుగారితో ఎంతకి బేరం తెగుతుంది, కాటి దగ్గర ఎవరికి ఎంతివ్వాలి, డెత్ సర్టిఫికెట్టుకి ఏ కాగితాలు పెట్టాలి, పెద్దకొడుకు రైలు సామర్లకోట దాటిందా లేదా, అన్నీ. ఏడుస్తున్నవాళ్ళకి పదకొండు గంటలకల్లా బలవంతాన ఇడ్లీ పెట్టించేది కూడా ఆయనే. "పోయినవాళ్ళు ఎలాగూ తినరు, వీళ్ళెందుకు మానడం" అనేవాడు.

2023లో ఓ రాత్రి నిద్రలోనే పోయాడు. ఎవరికీ చెప్పకుండా ఆయన చేసిన పని అదొక్కటే.

తెల్లారేసరికి మా వీధి నిండిపోయింది. అప్పుడు అసలు సంగతి బోధపడింది. చావు పనులు తెలిసిన ఒకే ఒక్క మనిషి లోపల చాప మీద పడుకుని ఉన్నాడు. మిగతా వందమందికీ తెలిసినవి సగం సగం. ఎవరింట్లో ఏం జరిగిందో అదే వాళ్ళకి గుర్తు. "మా అమ్మగారప్పుడు తాతగారు మామిడి కట్టెలే తెప్పించారు." "కాదు, మా మావయ్యప్పుడు వద్దన్నారు." "తాతగారైతే ముందు ఐసుపెట్టె చెప్పేవారు." "సాయంత్రం లోపల ఎత్తేస్తుంటే ఐసుపెట్టెందుకు, తాతగారైతే డబ్బు దండగ అనేవారు." ఇరుపక్షాలూ తాతయ్యనే సాక్ష్యం పెట్టి కొట్టుకున్నాయి. ఎవరో రెండు ఐసుపెట్టెలు తెచ్చారు. వెదుర్లు ఎవరూ తేలేదు. మా నాన్న అందరి మొహాలూ చూస్తూ నిలబడిపోయాడు. పదకొండింటికి మాత్రం ఆరు చోట్ల నుంచి ఇడ్లీలు వచ్చాయి. ఆ పాఠం ఒక్కటీ అందరికీ వచ్చింది.

దారి మీద ఇంకో తగువు. చావులమదుం మీదుగా తిన్నగా తీసుకుపోదామని కొందరు, పోర్టు మనిషి కాబట్టి పాత పోస్టాఫీసు వైపు తిప్పి రేవు చూపించాలని కొందరు. ఆఖరికి రెండూ జరిగాయి. పూర్ణా మార్కెట్ దగ్గర కూరలవాళ్ళు అడ్డంగా నిలబడి ఆపేశారు. దండలు, దణ్ణాలు, శాపనార్థాలు కూడా, ఇంకా కొన్నాళ్ళుంటే ఏం పోయిందని. ఎవరో గుప్పెడు పూలతో పాటు రెండు వంకాయలు పెట్టారు. మామూలు మనిషిని గంటలో చేరుస్తారు. తాతయ్యకి నాలుగు గంటలు పట్టింది. ఆ దారిలో ఆయనకి ఎప్పుడూ అంతే పట్టేది.

పన్నెండోనాడు లెక్కలు చూసుకోవడానికి కూర్చున్నాం. ఖర్చు తడిసి మోపెడైంది. తాతయ్య డైరీ తిరగేస్తుంటే వెనక పేజీలో ఎర్రసిరాతో నాన్నకి ఓ మాట కనిపించింది: "నా నిమిత్తం. పంతులుగారికి మొత్తం కార్యక్రమానికి బేరం కుదిర్చి 5,000 అడ్వాన్సు ఇచ్చాను. మళ్ళీ ఇవ్వకండి." నాన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నీళ్ళతో పాటు కాస్త ఉత్సాహం కూడా. డైరీ పట్టుకెళ్ళి పంతులుగారికి చూపించాడు.

ఆయన చదివి, తలూపి, తన సంచీలోంచి అట్ట ఊడిపోయిన నోటుబుక్కు తీశారు. "ఇచ్చారండీ, అబద్ధమెందుకు. రెండు నెలలు తిరక్కుండా వచ్చి పట్టుకెళ్ళిపోయారు. జాలారిపేటలో ఎవరో పోతే ఎత్తడానికి డబ్బుల్లేవట. 'నాకిప్పుడేం తొందరలేదు, అతనికివాళే కావాలి' అన్నారు. ఇదిగో."

చూశాం. ముట్టినట్టు తాతయ్య సంతకం. కింద రెవెన్యూ స్టాంపు కూడా.

నాన్న మాట్లాడకుండా లోపలికెళ్ళి డబ్బు తెచ్చి, పూర్తిగా లెక్కపెట్టి ఇచ్చాడు. పంతులుగారు మళ్ళీ ఓసారి లెక్కపెట్టుకుని, కండువా చెంగున ముడేసుకుంటూ, "మీ నాన్నగారైతే ఓ అయిదొందలు తగ్గించేవారండీ" అన్నారు.